ఒక గది, రెండు అద్దెలు

ఇంటి ఓనర్లంటే లోకానికి చులకన. బ్యాచిలర్లకి ఇల్లివ్వరని, నాన్‌వెజ్ వాసనొస్తే మొహం మాడ్చుకుంటారని నిందలే తప్ప వాళ్ల మేధస్సును మెచ్చుకున్నవాడు లేడు. ఆ లోటు కొంతైనా తీర్చాలని సార్జెంట్ బౌన్సర్ గారిని పరిచయం చేస్తున్నాను. ‘కాక్స్ అండ్ బాక్స్’ అనే పాత ఇంగ్లిషు నాటకంలోని మాజీ సైనికుడు. లండన్‌లో ఆయనకో గది ఉంది. పగలంతా టోపీల దుకాణంలో పనిచేసే కాక్స్‌కీ, రాత్రంతా ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే బాక్స్‌కీ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఆ గదినే అద్దెకిచ్చాడు. మంచం ఒకటి, అద్దెలు రెండు. షిఫ్టుల లెక్కన హాస్టల్ బెడ్ ఇచ్చేవాళ్లు ఇది తామే కనిపెట్టామనుకుంటే పొరపాటు.

కాక్స్‌కి అనుమానం రాకపోలేదు. కొన్న బొగ్గు కొన్నట్టే తరిగిపోతోంది, కొవ్వొత్తులు కరిగిపోతున్నాయి, తను ముట్టని పొగాకు గదంతా గుప్పుమంటోంది. నిలదీస్తే బౌన్సర్ గారు సైన్యంలోని పాత రోజులు గుర్తొచ్చినట్టు ‘రాటప్లాన్, రాటప్లాన్’ అని డోలు దరువు పాట ఎత్తుకుంటాడు. మా ఓనరుకి పాట రాదు. నీళ్ల మోటారు సంగతి ఎత్తితే దగ్గొస్తుంది, అంతే.

ఈ చిన్న సంగీత ప్రహసనాన్ని ఎఫ్.సి. బర్నాండ్ రాశాడు, ఆర్థర్ సలివన్ బాణీలు కట్టాడు. మంచి నాటకమే. కాకపోతే ఇల్లు వీళ్లది కాదు. జాన్ మాడిసన్ మార్టన్ 1847లో ‘బాక్స్ అండ్ కాక్స్’ అనే ప్రహసనం రాసి పేరు తెచ్చుకున్నాడు. వీళ్లు పేర్లు అటుదిటు చేసి పాటలు పెట్టారు. పోనీ మార్టన్‌దా సొంతిల్లు? పారిస్‌లో లబీష్, లెఫ్రాన్ కలిసి రాసిన ‘ఫ్రిజెట్’ 1846లో ఆడింది. అందులో రాత్రిళ్లు రొట్టెలు కాల్చే కుర్రాడికీ, లేసు అల్లే అమ్మాయికీ ఒకే గది. మార్టన్ ముందు భాగం అక్కణ్ణించి, చివరి భాగం ఇంకో ఫ్రెంచి ప్రహసనం నుంచి ఎత్తాడు. అమ్మాయినీ అబ్బాయినీ ఒకే మంచం మీద, వేరే వేరే పూటల్లో అయినా సరే, పడుకోబెడితే విక్టోరియా మహారాణి గారి ప్రజలు ఏమైపోతారోననే కాబోలు, ఇద్దర్నీ మగాళ్లను చేశాడు.

దీన్ని దొంగతనం అంటే ఊరుకోను. 1851లో ఇంగ్లండు, ఫ్రాన్సు కాపీరైటు ఒప్పందం రాసుకున్నప్పుడు కూడా, ఫ్రెంచి నాటకాలను ఇంగ్లిషు రంగస్థలం కోసం ‘న్యాయంగా’ అనుకరించుకోవచ్చని ఒక సందు వదిలారు. న్యాయమైన అనుకరణ! మన సినిమా రచయితలు ‘స్ఫూర్తి’ అన్న మాట కనిపెట్టడానికి అన్నేళ్లు తంటాలు పడ్డారు. దొరలు ఏకంగా ఒప్పందంలోనే రాయించుకున్నారు.

1866లో తొలి ఆట ఇంట్లోనే, మిత్రుల మధ్య. మగవాళ్ల బృందం కాబట్టి, మార్టన్ రాసిన ఇంటి ఓనరమ్మ మిసెస్ బౌన్సర్ కాస్తా సార్జెంటు అయిపోయింది. మన స్థానం నరసింహారావు గారి లాంటివారు ఒక్కరుంటే ఆ పాత్రకి మీసాలు మొలిచేవి కావు. సలివన్ పియానో ముందు కూర్చుని వాద్య సహకారం అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించాడట. మరుసటి ఏడాది అడెల్ఫీ థియేటర్లో బహిరంగంగా ఆడారు. చనిపోయిన ఒక చిత్రకారుడి కుటుంబానికి సాయంగా. అది చూసి ఒక విమర్శకుడు, ఇంత పిచ్చి కథకు ఇంత గొప్ప సంగీతమా అని పెదవి విరిచాడు. ఆ విమర్శకుడి పేరు డబ్ల్యు.ఎస్. గిల్బర్ట్, తర్వాతి రోజుల్లో సలివన్ బాణీలకి మాటలు రాసి జంటగా పేరు మోసినవాడు.

1869లో రీజెంట్ స్ట్రీట్‌లో ఉన్న ‘గ్యాలరీ ఆఫ్ ఇలస్ట్రేషన్’లో ఇది 260కి పైగా ఆటలు ఆడింది. పేరు చూసి బొమ్మల కొలువనుకునేరు, థియేటరే. నాటకాలకు వెళ్తే పరువు పోతుందనుకునే కుటుంబాల కోసం అక్కడ నాటకాన్ని నాటకం అనరు, పాత్రని పాత్ర అనరు. బార్‌కి ఫ్యామిలీ రెస్టారెంట్ అని బోర్డు పెట్టినట్టే. ఆ గ్యాలరీలో అదే సాయంత్రం, అదే వేదిక మీద ఇంకో నాటిక కూడా ఉండేది. రాసింది గిల్బర్ట్. గిల్బర్ట్, సలివన్ కలిసి ఒక్క పాటైనా రాయని రోజులవి. ఒక గది, ఇద్దరు అద్దెదారులు!

తర్వాత ఇద్దరూ ఒకే కాపురం పెట్టి, సంగీత హాస్య నాటకాలతో లండన్‌లోని సవాయ్ థియేటర్ని దున్నేశారు. 1890లో గొడవ. దేని మీద? థియేటరుకి వేసిన కొత్త తివాచీ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలని. ఓనరు డాయ్‌లీ కార్ట్ దాన్ని ముగ్గురి ఉమ్మడి ఖాతాలో రాశాడు. సలివన్ ఓనరు వైపు నిలబడ్డాడు. 1894లో బర్నాండ్‌తో కలిసి సవాయ్‌కి వచ్చినప్పుడు అసలు నాటకానికి ముందు మన కాక్స్, బాక్స్‌లనే వదిలారు. 1921లో డాయ్‌లీ కార్ట్ కంపెనీ గంట నాటకాన్ని అరగంటకి కత్తిరించి, పెద్ద నాటకాలకి ముందు ఆడించడం మొదలుపెట్టింది. 1970ల దాకా అదే వరస. సొంత రాత్రి దొరకలేదు పాపం.

ఒక్క ఘట్టం చెబుతాను. డ్యూటీ దిగొచ్చిన బాక్స్ పొయ్యి రాజేసి, ఇనప జల్లి మీద బేకన్ ముక్క పెట్టి, దానికి జోలపాట పాడి తనే నిద్రపోతాడు. ఆ రోజు సెలవు దొరికిన కాక్స్ వస్తాడు, బేకన్ తీసి తన మాంసం ముక్క పెట్టి కంచం కోసం వెళ్తాడు. బాక్స్ లేచి ఆ ముక్కని కిటికీలోంచి విసిరేస్తాడు. కాక్స్ తిరిగొచ్చి బేకన్‌ని విసిరేస్తాడు. వీధిలో కుక్కకి పండగ.

చివరికి ఇద్దరి పీకలకూ చుట్టుకున్న పెళ్లికూతురు పెనెలోపీ ఆన్, నాక్స్ అనే మూడోవాణ్ణి కట్టుకుంటుంది. అప్పుడు బాక్స్ కాక్స్‌ని అడుగుతాడు, ‘నీ ఎడమ చేతి మీద స్ట్రాబెర్రీ మచ్చ ఉందా?’ ‘లేదు.’ ‘అయితే నువ్వే తప్పిపోయిన నా తమ్ముడివి!’ కౌగిలింతలు. ఇక బతికినన్నాళ్లూ ఇదే ఇంట్లో ఉంటామంటారు. బౌన్సర్ గారు మళ్లీ రాటప్లాన్ ఎత్తుకుంటాడు. అద్దె తగ్గించమని ఇద్దరిలో ఒక్కడూ అడగడు.