మూసీ నావికులకు మనవి

నదీతీరాన్ని సింగారిస్తామని ఎవరు బొమ్మ గీయించినా అందులో ఒక తెల్ల పడవ తప్పకుండా ఉంటుంది. నీళ్లు నీలంగా ఉంటాయి, పడవలో కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకోకుండా నవ్వుతుంటారు. ఆ బొమ్మ నిజమయ్యేదాకా హైదరాబాదీలు ఒడ్డున కూర్చోవాలా? అక్కర్లేదు. పడవకు తగ్గ నది లేకపోతే నదికి తగ్గ పడవ చూసుకోవాలి. ఉన్న మూసీలోనే ప్రయాణం కట్టదలచినవారి కోసం ఈ నాలుగు ముక్కలు.

ముందు నీటిమట్టం సంగతి. సముద్రంలో ఆటుపోట్లు చంద్రుణ్ణి బట్టి వస్తాయి, మూసీలో గీజర్లను బట్టి. వేళాకోళం కాదు, లెక్కే. నది అనంతగిరి కొండల్లో పుట్టే మాట నిజమే. కానీ 1908 వరద తర్వాత కట్టిన రెండు చెరువులూ, అంటే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ మూసీని, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ దాని ఉపనది ఈసీని ఊరి బయటే పట్టి ఆపాయి. గేట్లు మూసి ఉన్నన్నాళ్లూ వానాకాలం పోగా కిందికి పారేదంతా దాదాపు మనం వదిలిందే. పొద్దున ఆరు నుంచి పది దాకా ఊరంతా స్నానాలు, అంట్లు, బట్టలు. ఆ నీళ్లు డ్రైనేజీ గొట్టాల్లో, నాలాల్లో నడిచి నదిలో పడేసరికి కొన్ని గంటలు పడుతుంది. కనుక పెద్ద పోటు మధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూ, రాత్రి భోజనాలయ్యాక చిన్న పోటు. తెల్లవారుజామున పూర్తిగా ఆటు. అప్పుడు బయలుదేరితే పడవ బురదలో కూర్చుంటుంది, మీరు పడవలో కూర్చుంటారు. ఆదివారం పోటు ఆలస్యం. నరకచతుర్దశినాడు తలంట్ల పుణ్యమా అని ప్రవాహం మీద నూనె మెరుగు కూడా ఉంటుంది. పంచాంగకర్తలు ఈ వివరాలు ఇంకా చేర్చుకోలేదు.

ఇంకో రకం పోటు ఉంది. ఉస్మాన్‌సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్‌సాగర్‌కు 17. అవి ఎత్తుతున్నారని తెలిస్తే పడవను తాడుతో కట్టడం కాదు, ఇంటికి మోసుకుపోవాలి. 2025 సెప్టెంబరు ఆఖర్లో నది తానే ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చింది. ఆ బస్టాండు నది నడిమి ద్వీపం మీదే ఉంది కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. ప్లాట్‌ఫారాలూ, టీకొట్లూ, ఎదురుచూసే జనమూ అన్నీ అమరిన రేవు మనకు ఉండనే ఉంది, పడవలే తక్కువ.

కేంద్రం 2016లో 111 జాతీయ జలమార్గాలు ప్రకటిస్తే మంజీరాకు చోటు దొరికింది, మూసీకి దొరకలేదు. అన్నిటికంటే చిన్న తరగతి జలమార్గానికి అడుగున 30 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు, వంతెన కింద 4 మీటర్ల ఖాళీ ఉండాలి. వెడల్పుకు మనకు కొదవ లేదు, గోడకూ గోడకూ మధ్య అంతకు ఎన్నో రెట్లుంది. పేచీ అంతా లోతు దగ్గరే.

అందువల్ల మోటారు పడవ మాట మరిచిపోండి. వద్దన్నకొద్దీ పెడతామనేవాళ్లుంటారు కనుక చెప్పాలి. పడవ వెనక తగిలించే మోటారు తాను మునిగిన నీటితోనే చల్లబడుతుంది. నీళ్లలో మునిగే కింది కాలికి ఉన్న జాలీలోంచి నీళ్లు పీల్చి, లోపల రబ్బరు రెక్కల పంపుతో ఇంజను చుట్టూ తిప్పి, కొంత పక్కనుంచి సన్నని ధారగా బయటికి చిమ్ముతుంది. మీ కళ్లు చార్మినార్ మీద కాదు, ఆ ధార మీద ఉండాలి. మూసీలో ఒక పాలిథీన్ కవరు చాలు జాలీని మూయడానికి. ధార సన్నబడగానే ఇంజను ఆపాలి. ‘కొంచెం దూరమేగా’ అని లాగిస్తే ముందు రబ్బరు రెక్కలు మాడతాయి, ఆపైన ఇంజను పట్టేస్తుంది. నీళ్లలో తిరిగి పడవను తోసే పంకాకు చీర చుట్టుకోవడం రెండో గండం. మోటారు ఆపి, పైకి లేపి, కొడవలితో కోయాలి. వెనక్కి తిప్పితే విడిపోతుందన్నది భ్రమ, ఇంకో రెండు మెలికలు పడుతుంది. నైలాన్ దారమైతే మరీ అన్యాయం. పంకా వెనక దూరి సీలును కోస్తుంది, గేరు ఆయిల్లో నీళ్లు కలుస్తాయి. ఆయిలు టీ రంగుకు తిరిగిందంటే మెకానిక్కు పండగే.

మూసీకి సరైన వాహనం కృష్ణమ్మ మీద జాలర్లు వాడే గుండ్రటి పుట్టి. వెదురు అల్లిక, దానికి పట్టా, పైన తారు. జానెడు నీళ్లుంటే తేలుతుంది. ముందూ వెనకా లేవు కాబట్టి మలుపు తిప్పే బాధ లేదు. తెడ్డును ముందువైపు వేసి తనవైపు లాక్కోవాలి. పక్కన వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, అధ్యయన కమిటీలాగా. అన్నిటికంటే గొప్ప సుగుణం, నెత్తిన పెట్టుకుని నడవొచ్చు. ఈ ప్రయాణంలో సగం అదే పని.

మూసీ, ఈసీ కలిసే బాపూఘాట్ దగ్గర పుట్టిని నీళ్లలోకి దించండి. 1578 నాటి పురానాపూల్ కమానుల కింద దర్జాగా పోవచ్చు, కట్టినవాళ్లు నది అంటే నది అనుకునే కట్టారు. చాదర్‌ఘాట్ లోలెవల్ వంతెన అలా కాదు. మామూలు రోజుల్లో దాని కిందినుంచి పడవ పట్టదు, వరద రోజుల్లో మీదినుంచి పోతుంది గానీ అప్పుడు వెళ్లొద్దని పైన చెప్పాం. అంబర్‌పేట దాటితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అక్కడి శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. మండు వేసవిలో మూసీ జన్మస్థానం అనంతగిరా, అంబర్‌పేటా అన్నది పండితులు తేల్చాల్సిన విషయం.

ఆ కింద కత్వలు మొదలవుతాయి, పొలాలకు నీళ్లు మళ్లించడానికి నదికి అడ్డంగా కట్టినవి. పడవను దించే లాకులు వాటికి లేవు. ప్రతి కత్వ దగ్గరా ఒడ్డెక్కి, పుట్టి నెత్తికెత్తుకుని, గడ్డి మోపులవాళ్లకు దారిచ్చి, మళ్లీ దిగాలి. నీళ్లు దూకేచోట మంచుకొండల్లా లేచే తెల్లదంతా సబ్బునురగే. ఫోటోకు బాగుంటుంది గానీ దాంట్లోకి పుట్టిని తోలకండి, అడుగున బండ ఉందో లేదో కనబడదు.

వాసన గురించి ఒక్క మాట. కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. వెండి పట్టీలు ఇంట్లో వదిలి రండి, నల్లబడతాయి. వాసన వస్తుంటే నది మామూలుగా ఉన్నట్టే. పైకప్పు వేసిన నాలా నోటి దగ్గర ఆ వాసన ఉన్నట్టుండి మాయమైతే మాత్రం సంతోషించకండి. గాఢత పెరిగితే ఆ వాయువు ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది. వెంటనే వెనక్కి లాగండి.

ఓపికుంటే ఇలా వాడపల్లి దాకా పోయి కృష్ణలో కలవొచ్చు. ఓపిక లేకపోతే నాగోల్ దగ్గర ఒడ్డెక్కి మెట్రో పట్టుకోండి, పుట్టిని రానిస్తే. ఇల్లు చేరాక పుట్టిని బ్లీచింగ్ నీళ్లతో రెండుసార్లు కడిగి, మీరు రెండు బకెట్ల వేడినీళ్లతో స్నానం చేయండి. తొమ్మిదిలోపు కానిస్తే రాత్రి పోటుకు అందుతుంది.