ఇటుక పేరిస్తే నేరం, పచ్చిక పరిస్తే అభివృద్ధి

గోల్కొండ కోట లోపల తాతల నాటి నుంచి కాపురం ఉంటున్న వాళ్ళు కూలబోతున్న వంటింటి గోడను మళ్ళీ లేపుకోవాలంటే ముందు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. పాత కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ, కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రణ, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రాకముందే ఇటుక పేరిస్తే గుమ్మానికి నోటీసు. అక్కడి పిల్లలకు ఎక్కాలతో పాటు ఇవీ నోటికొచ్చేస్తాయి. చట్టాన్ని మేం తప్పు పట్టడం లేదు, అదే లేకపోతే ఈపాటికి ఫతే దర్వాజా పక్కన అపార్ట్‌మెంట్లు లేచేవి. కానీ అదే కోటకు ఆనుకుని ఉన్న నయా ఖిల్లాలో, పాత బురుజుల మధ్యన, ఏకంగా గోల్ఫ్ కోర్సు ఉంది. ఇటుకకు పనికొచ్చిన చట్టం పచ్చికకు ఎందుకు పనికిరాలేదో ఇన్నేళ్ళలో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు.

ఆ కోర్సు ఎలా వచ్చింది, ఎవరి హయాంలో వచ్చింది, దాని మీద ఎన్ని అభ్యంతరాలు లేచాయి అన్నది పాఠకులకు తెలిసిన కథే. మా కోపం ఆట మీద కాదు. చారిత్రక నేల మీద ఏ మొక్క నాటాలి, ఎక్కడ గుంత తీయాలి, ఏ మూల నీళ్ళు అసలే పెట్టకూడదు అని చెప్పాల్సిన మనిషి ఒకడుంటాడు, ఉద్యాన నిపుణుడు. అతణ్ణి మొత్తం వ్యవహారంలోంచి తప్పించేసి, ఆ పనిని గడ్డి కోసే పని స్థాయికి దించేశారు. ఇవాళ ఇక్కడ దీన్ని ఒప్పుకున్నాక రేపు ఇంకో కోటలో ఏ మొహం పెట్టుకుని ఇంకొకరిని ఆపుతారు? ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతాం, విసుగొచ్చినా సరే.

నయా ఖిల్లా ఖాళీ జాగా కాదు. 17వ శతాబ్దం మధ్యలో మొగలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా ఆ గుట్టను కూడా కోటలో కలుపుకుంటూ గోడ కట్టించాడు. 2014లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ (ఏఎస్‌ఐ) అక్కడ తవ్వితే బయటపడింది తోట: రాతి కాలవలు, మట్టి గొట్టాలు, నీటి తొట్లు, ఫౌంటెన్ల జాడలు. తాజ్‌మహల్ ముందు ఉన్నట్టు ఒక పక్కన ఉన్నదే రెండో పక్కన అచ్చు గుద్దినట్టు ఉండే తోట కాదిది, ఇలాంటిది దేశంలో దొరకడమే అరుదు. ఆ రోజుల్లో ఈ ఊరికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాజమహలు మేడల మీద పెరిగిన చెట్లను చూసి, అంత బరువును ఆ కమానులు ఎలా మోస్తున్నాయో అని నోరెళ్ళబెట్టాడు. దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల్లో నీళ్ళు రప్పించి కోటలో పైపైకి ఎక్కించిన మనుషుల పనితనం అది. ఇప్పుడు ఆ చెరువు చుట్టూ ఐటీ టవర్లు, గొట్టాల మీద గోల్ఫ్ పచ్చిక.

తోట పని అంటే మనవాళ్ళకు చులకన, దానికో చదువా అని. మామిడి తోటలో మూడడుగుల గుంత తీసి, పశువుల ఎరువు, ఎర్రమట్టి కలిపి మొక్క పెట్టడం సరైన పద్ధతే. చారిత్రక స్థలంలో మాత్రం ఆ మూడడుగుల కిందే అసలు తోట ఉంటుంది. పూడిపోయిన మట్టి గొట్టం ఇంటి పెంకుకంటే గట్టిదేమీ కాదు, గునపం మొన తగిలితే చాలు. అందుకే ఇక్కడి ఉద్యాన నిపుణుడు నేర్చుకునే మొదటి పాఠం ఎక్కడ తవ్వకూడదన్నది. అక్కడ వేళ్ళు లోతుకు పోని పూలమొక్కలే పెట్టాలి, ఇక్కడ కుండీలే పెట్టాలి, ఆ మూలన ఏమీ పెట్టకూడదు అని పురావస్తు వాళ్ళ మ్యాపు పక్కన పెట్టుకుని చెప్పగలగాలి. వానాకాలం మొదలుకాగానే మొక్కల టార్గెట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చే అధికారులకు ఈ మాట చెప్పేవాడే లేకుండా చేశాం.

మట్టి సంగతీ అంతే. లాన్ బాగా రావాలని ఏటా పైన ఇంత ఎర్రమట్టి, ఇంత ఎరువు చల్లుతారు. బిల్లులో రాసిన పనే, తప్పేమీ లేదు. పది మంది కాంట్రాక్టర్లు మారేసరికి నేల మట్టం మెల్లగా ఎక్కి, ఒకప్పుడు నడకదారి కంటే కిందుగా ఉన్న పాదులు దారికి సమానమవుతాయి, తర్వాత దాన్నీ దాటిపోతాయి. తోటలోకి పోవాల్సిన వాననీళ్ళు వెనక్కి తిరిగి కట్టడం పునాదుల వైపు నడుస్తాయి. ఢిల్లీలో హుమాయూన్ సమాధి పక్కనున్న ఈసా ఖాన్ సమాధి (1547) దగ్గర ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టిని ఎత్తిపోస్తే గానీ అక్కడ పల్లపు తోట ఒకటి ఉండేదని ఎవరికీ కనపడలేదు. ఎవడూ పని గట్టుకుని పాడుచేయలేదు దాన్ని. ప్రతివాడూ తన వంతు మట్టి పోసి బిల్లు తీసుకుని వెళ్ళిపోయాడు, అంతే.

ఇక గోడల్లో మొలిచే రావి మొక్క. కాకి రెట్టలో పడ్డ గింజ గచ్చు పగులులో ఇరుక్కుంటుంది, తొలకరి పడగానే రెండాకులు వేస్తుంది. ఆ దశలో బొటనవేలు, చూపుడువేలు చాలు, వేరుతో సహా వచ్చేస్తుంది. అప్పుడు వదిలేస్తే మరుసటి ఏడాదికి వేరు రాళ్ళ మధ్య సందు వెతుక్కుని వేలు లావు అవుతుంది. అప్పుడెవరో వచ్చి కొడవలితో పైన కోసేసి, శుభ్రం చేశాం అని ఫొటో తీసుకుని వెళ్తారు. కోసిన చోట దసరా నాటికి నాలుగు చిగుళ్ళు. పైన కోసిన కొద్దీ లోపల వేరు బలుస్తుంది, ఆఖరికి ఆ రాయి కదులుతుంది. ఇక దాన్ని తీయాలంటే రాళ్ళు ఊడదీసి, వేరంతా లాగి, సున్నం గచ్చుతో మళ్ళీ పూడ్చాలి, ఖర్చు లక్షల్లోకి పోతుంది. ఏడాదిలో రెండుసార్లు గోడల వెంబడి నడిచే ఒక్క మాలీ జీతం దాని ముందు ఎంత? పైగా ఈ మొక్క ఎవరిది అన్నదే తేలదు. గోడ కాబట్టి ఇంజనీర్లదని తోటవాళ్ళు, మొక్క కాబట్టి తోటవాళ్ళదని ఇంజనీర్లు. రావి మొక్కకు ఈ గొడవేమీ పట్టదు, దాని పని అది చేసుకుపోతుంది.

నయా ఖిల్లాలోనే హాతియాన్ కా ఝాడ్ ఉంది, నాలుగు వందల ఏళ్ళు దాటిందని చెప్పే బావోబాబ్ చెట్టు, చుట్టుకొలత 27 మీటర్ల పైమాటే. ఆఫ్రికా ఎండ నేలల నుంచి వచ్చిన జాతి. ఏడాదంతా స్ప్రింక్లర్లతో తడిసే పచ్చిక దాని వేళ్ళ దాకా వస్తే ఏమవుతుందో ఉద్యాన కళాశాల రెండో ఏడాది పిల్లల్ని అడిగినా చెబుతారు, నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళు వచ్చే రకం అది. పాత చెట్టును నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో మనం ఒకసారి చూశాం కూడా. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక, సందర్శకులను ఆపేసి, 2018లో ఆ మహావృక్షానికి సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. దేశమంతా ఆ ఫొటోలు చూసి ముచ్చటపడింది. చెట్టును బతికించిన సిబ్బందికి దండం పెట్టాల్సిందే. కానీ ఐసీయూ దాకా ఎందుకు వెళ్ళింది? చెదపుట్ట మొదలైనప్పుడే కనిపెట్టే మనిషి రోజూ ఆ చెట్టు కింద తిరుగుతూ ఉంటే సెలైన్ అవసరమే ఉండేది కాదు.

గోల్ఫ్ కోర్సు వల్లే ఆ భూమి కబ్జా కాకుండా మిగిలిందని, తోటల నిర్వహణ ప్రభుత్వానికి తలకు మించిన ఖర్చని, ఔట్‌సోర్సింగ్ అయితే పని త్వరగా అవుతుందని వాదించేవాళ్ళున్నారు. కబ్జా భయం నిజమే, హైదరాబాద్‌లో భూమి సంగతి ఎవరికి తెలియదు. అయితే కబ్జాను ఆపడానికి కంచె, కాపలా చాలు.

ఔట్‌సోర్సింగ్ ముచ్చట కూడా చూద్దాం. ఏజెన్సీకి లెక్క చదరపు మీటర్లలో ఉంటుంది, కాబట్టి దానికి పచ్చగా కనపడటమే పని. నాటిన వెంటనే ఏపుగా లేచే మొక్కే కావాలి, అందుకే ఎక్కడ చూసినా కోనోకార్పస్ గోడలు, గుజరాత్ 2023లోనే నిషేధించిన మొక్క. అందుకే ఎక్కడ చూసినా లాన్లు. అసలు మన చారిత్రక కట్టడాల ముందు ఈ లాన్ల పిచ్చి మనది కూడా కాదు. తాజ్ ముందు పండ్ల చెట్లు, పూలమొక్కలు గుబురుగా ఉండేవి, వాటిని పలచన చేసి పచ్చిక పరిచే అభిరుచి బ్రిటిష్ వైస్రాయ్ కర్జన్ దొర కాలంలో పాతుకుపోయింది. దొర 1905లో వెళ్ళిపోయాడు, మనం మాత్రం ఇంకా ఆయన గడ్డికే నీళ్ళు పోస్తున్నాం, మే నెలలో ఊరంతా ట్యాంకర్ కోసం ఎదురుచూస్తుంటే కూడా. ఆ తడి గోడ అడుగున ఎక్కి తెల్లగా ఉప్పు పూస్తుంది, ఆపై గచ్చు పొరలు పొరలుగా రాలుతుంది. అప్పుడు మరమ్మతుకు ఇంకో టెండర్.

ఇందులో మాలీ ఎక్కడున్నాడు? ఈ నెల కోటలో, వచ్చే నెల ఏదో ఫ్లైఓవర్ కింద డివైడర్ మీద. ఏ చెట్టుకు ఏ నెలలో చెద వస్తుందో, ఏ కాలవ ఎక్కడ మూసుకుపోతుందో అతనికి తెలిసింది అతనితోనే పోతుంది. పెద్దలెవరైనా వస్తున్నారంటే మాత్రం లారీలో బంతి కుండీలు దిగుతాయి, వాళ్ళు వెళ్ళిన మర్నాడే అదే లారీ ఎక్కుతాయి. సందర్శకుడు కొమ్మ విరిస్తే జరిమానా అని బోర్డు పెడతాం. టార్గెట్ కోసం వరసగా గుంతలు తవ్వించిన అధికారికి ప్రశంసాపత్రం ఇస్తాం. ఇంతకంటే ద్వంద్వనీతి ఉంటుందా?

వెంకటరామన్నగూడెంలో ఒక ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులో ఇంకొకటి, ఏటా పట్టాలు పుచ్చుకుని బయటికొచ్చే పిల్లలున్నారు. ఏఎస్‌ఐకి ఆగ్రా కేంద్రంగా ఉద్యాన విభాగమే ఉంది. మనుషుల్లేక కాదు ఈ గతి. ఆ మనిషి మాటకు ఫైలు మీద విలువ లేదు, అసలు రోగం అక్కడుంది. ఇంజనీరు వద్దంటే పని ఆగుతుంది, ఫైనాన్స్ వద్దంటే ఆగుతుంది, ఉద్యాన అధికారి వద్దంటే మాత్రం నవ్వి సంతకం పెట్టేస్తారు.

మేం భయపడుతున్నది ఇదే. నయా ఖిల్లా ఒక్కటే అయితే ఏదో జరిగిపోయింది అనుకోవచ్చు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి పదేళ్ళకు పైగా ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు ఓపికగా పనిచేసి 2024లో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు, అక్కడి మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. ఆ ఆవరణలోని చెట్లూ మొక్కలూ ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. రేపు ఎవరో వచ్చి ఆ మూల రిసెప్షన్లకు లాన్ వేస్తాం, ఆదాయం వస్తుంది అంటే ఏం చెబుతారు? చట్టం ఒప్పుకోదంటారా? నయా ఖిల్లాలో ఒప్పుకుంది కదా అని అడుగుతారు, జవాబుండదు. గండికోట సంగతి చూడండి. 2018లో ఎర్రకోటతో పాటే ఒక సిమెంటు కంపెనీకి దత్తత ఇచ్చిన కోట అది, ఇప్పుడు పర్యాటకం పేరుతో కేంద్రం నుంచి దాదాపు 78 కోట్లు మంజూరయ్యాయి. పెన్నా లోయ అంచున ఆ ఎండలో ఏ చెట్టు బతుకుతుందో తెలిసినవాడి మాట ముందు వింటారా, లేక బ్రోచర్లో పచ్చగా కనపడాలని స్ప్రింక్లర్లు బిగిస్తారా? ఒకసారి ఇచ్చిన మినహాయింపు మినహాయింపుగా ఉండిపోదు, మన ఆఫీసుల్లో అది మర్నాటికే జీవో నంబరు అవుతుంది.

అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి పెద్ద చారిత్రక ఆవరణకు పేరు, జీతం, పింఛను ఉన్న ఒక ఉద్యాన నిపుణుణ్ణి, అతని కింద ఏళ్ళ తరబడి అక్కడే ఉండే మాలీలను పెట్టండి. అతని సంతకం లేకుండా గుంత తవ్వకూడదని, బోరు వేయకూడదని, లాన్ పరచకూడదని రాసి ఇవ్వండి. నయా ఖిల్లాలో తోట బయటపడ్డ చోటుకు, ఆ బావోబాబ్ చుట్టూ ఉన్న నేలకు ఆటతో సంబంధం లేకుండా హద్దు గీయండి. అది చేతకాకపోతే కనీసం వంటింటి గోడ కట్టుకున్న వాడికి నోటీసులు ఇవ్వడం మానేయండి, అక్కడితో మీ చట్టం ఎవరి కోసమో జనానికి స్పష్టంగా తెలిసిపోతుంది. హరితోత్సవాలకు చేతులకు మట్టి అంటకుండా పార పట్టుకుని ఫొటోలు దిగే మంత్రులు, కమిషనర్లు ఈసారి గోల్కొండ వస్తే ఒక్క సంగతి తేల్చి వెళ్ళండి: గోడలో మొలిచిన ఆ రావి మొక్కను పీకాల్సింది ఏ శాఖ? రెండాకులున్నప్పుడే చెప్పండి.