బోరు మోటరుకూ పాదరసానికీ ఉన్న చుట్టరికం

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పూట గడిపే అవకాశం ఈ మధ్య కలిగింది. వాతావరణ పీడనం ఎంత అని అడిగితే సగం తరగతి ఒక్క గొంతుతో "76 సెంటీమీటర్ల పాదరస స్తంభం సార్" అంది. మరి బోరుబావి మోటరును నేలమీద పెట్టకుండా వందల అడుగుల లోతుకు ఎందుకు దించుతారని అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. బోరు ఎరగని పిల్లలు కారు వాళ్లు. మోటరు కాలిపోతే పైపులు ఒక్కొక్కటే విప్పుతూ పైకెత్తడం, బాగుచేయించి మళ్లీ దించడం, ఎండాకాలం నీళ్లు అడుగంటితే ఇంకో రెండు పైపులు కలిపి మరింత కిందికి వదలడం ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నవాళ్లు. పాదరసమూ తెలుసు, మోటరూ తెలుసు. ఆ రెండింటికీ సంబంధం ఉందన్నదే ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

పైనున్న పంపు నీటిని లాగుతుందని మనం అనుకుంటాం కానీ, అది చేసేది గొట్టంలోని గాలిని తీసేయడం మాత్రమే. నీటిని పైకి నెట్టేది బయట నీటిమీద పడుతున్న గాలి ఒత్తిడి. ఆ ఒత్తిడి పాదరసాన్నయితే 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబెడుతుంది. నీరు పాదరసం కంటే 13.6 రెట్లు తేలిక గనుక దాన్ని సుమారు 10.3 మీటర్లు, అంటే 34 అడుగుల దాకా నిలబెట్టగలదు. ఆచరణలో 25 అడుగులు దాటితేనే పై పంపుకు నీళ్లందడం కష్టమవుతుంది. కాబట్టి బోరులో మోటరు నీళ్లలోనే మునిగి ఉండి, కింది నుంచి పైకి నెట్టవలసి వస్తుంది. నల్లబల్లమీద లెక్క పూర్తికాకముందే వెనక వరుసలోని పిల్లవాడు లేచి, "మా జేజినాయన బాయి లోపల ఇంజను పెట్టేకి గూడు కొట్టిచ్చినాడంట, అందుకేనా సార్?" అన్నాడు. అందుకే. ఆ క్షణం దాకా వాడికి 76 ఒక అంకె మాత్రమే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ విజ్ఞానం పుట్టిందే నీళ్లు తోడే పనిలో. పంపులు పది మీటర్లకు మించి నీటిని పైకి తేలేకపోవడం మీద గెలీలియో ఆలోచన సాగించాడు. ఆయన తర్వాత ఇటలీ శాస్త్రవేత్త టోరిసెల్లి, 1643-44 ప్రాంతంలో, అంత పొడవు గొట్టంతో పనిలేకుండా బరువైన పాదరసంతో అదే సంగతిని మీటరు గొట్టంలో చూపగలిగాడు. మన పాఠం దాకా వచ్చేసరికి బావి కనుమరుగై పాదరసం ఒక్కటే మిగిలింది. బావులూ బోర్లూ తప్ప వేరే ఆధారం లేని సీమ పల్లెల్లో ఈ పాఠాన్ని బావి ఊసెత్తకుండా చెప్పడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

బి.ఇడి. చదివిన ప్రతి ఉపాధ్యాయుడికీ అమెరికా విద్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డేవిడ్ అసుబెల్ పేరు తెలుసు. నేర్చుకోవడాన్ని అన్నిటికంటే ఎక్కువగా ప్రభావితం చేసేది విద్యార్థికి ముందే తెలిసిన విషయమేనని, దాన్ని కనిపెట్టి దానికి తగ్గట్టు బోధించాలని ఆయన 1968లోనే స్పష్టంగా చెప్పాడు. కొత్త సమాచారం పాత ఎరుకలో ఒక తగిన చోటికి అతుక్కున్నప్పుడే అది అర్థవంతమైన అభ్యసనం. అతుక్కోకుండా పక్కన పడి ఉంటే కంఠస్థం. కంఠస్థాన్ని నేను తీసిపారేయడం లేదు. ఎక్కాలు నోటికి రాని పిల్లవాడు పై లెక్క దగ్గరే ఆగిపోతాడు.

అయితే ముందే తెలిసినదంతా మేలే చేస్తుందనుకోవడానికీ వీల్లేదు. బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని ఇంగ్లండులోని పాఠకులకు ఇచ్చి, కొంతకాలం తర్వాత గుర్తున్నంత మేరకు రాయించాడు. కథలోని సీల్ అనే సముద్ర జంతువు వేట కొందరి రాతల్లో చేపల వేటగా మారింది. తెలియనిదాన్ని తెలిసినదానిలోకి ఒంచుకోవడం మనసు స్వభావమని 1932లో వెలువడిన ఆయన పరిశీలన చెబుతుంది. మన తరగతుల్లో ఇది రోజూ జరుగుతుంది. అదే బడిలో ఏడో తరగతి పిల్లలను వేరుశనగలో మనం తినేది మొక్కలోని ఏ భాగమని అడిగితే, ఎక్కువమంది "వేరు" అన్నారు. మట్టిలో ఉంటుంది, పేరులోనే వేరు ఉంది, ఇంకేం కావాలి? కానీ ఇంట్లో వాళ్లు దాన్ని శనక్కాయ అంటారు. పసుపు పువ్వు పైన పూయడం, అది వాడిన చోటి నుంచి ఊడ కిందికి దిగి మట్టిలోకి దూరడం, దాని కొన ఉబ్బి కాయ కావడం చేలో చూసిన పిల్లలే వీళ్లంతా. అది వేరు కాదు, కాయలోని గింజ అన్న సరైన జవాబుకు ఆనవాలు ఇంటి మాటలోనే ఉంది, పుస్తకం మాట వాళ్లను తప్పుదారి పట్టించింది. బడిలో అడిగినప్పుడు బడి మాటలతోనే ఆలోచించాలని, ఇంటి తెలివి అక్కడ చెల్లదని ఆ పిల్లలకు ఎవరు నేర్పారో మనం నిజాయితీగా ఆలోచించాలి.

పాఠ్యపథకంలో పూర్వజ్ఞాన పరిశీలన అనే అంశం లేకపోలేదు. శిక్షణలో దాన్ని రాయించే తీరే వేరు. నాలుగు ప్రశ్నలు వేయాలి, నాలుగో ప్రశ్నకు జవాబుగా పాఠం పేరు రావాలి, వెంటనే శీర్షికా ప్రకటన చేసి నల్లబల్లమీద రాయాలి. పిల్లల జవాబు ఏదైనా పాఠం మాత్రం ముందే అనుకున్న దారిలోనే పోతుంది. తరగతికి కాస్త ముందుగా తెలుసుకోవలసింది వాళ్లకు పాఠం పేరు తెలుసా అని కాదు, ఆ విషయం గురించి ఇప్పటికే ఏమనుకుంటున్నారని. జవాబు తప్పయినా అది అక్కరకొచ్చేదే. "వేరు" అన్న పిల్లల దగ్గర పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ తప్పే చూపింది. దీనికి సమయం చాలదన్న ఉపాధ్యాయుల మాటలో నిజముంది. సిలబస్ పూర్తిచేయాలి, గైడులో ఉన్న వాక్యం అలాగే రాస్తే మార్కులు పడే పరీక్షకు సిద్ధం చేయాలి. పరీక్షలో ఒక్క ప్రశ్నయినా ఊరి బావిలోంచి వస్తే తరగతిలో ఆ పావుగంట తప్పకుండా దొరుకుతుందని నా నమ్మకం.

ఏడో తరగతిలో నేను ఒక శనక్కాయ మొక్కను పీకించి తెప్పించి, ఊడ ఏది, వేరు ఏది అని పిల్లలచేతే వేళ్లు పెట్టి చూపించాను. వేరుమీది బుడిపెలను కూడా కాయలనుకున్నవాళ్లు ఉన్నారు; చిదిమి చూసి, గింజ లేదని వాళ్లే తేల్చుకున్నారు. అంతసేపూ మాట్లాడని ఒక అమ్మాయి ఊడ కొనను గోటితో తడిమి, "ఊడలు దిగేటప్పుడు వాన లేకుంటే కాయ పట్టదంటాడు మా నాయన. నేల గట్టిపడితే ఇది లోపలికి పోలేదనా సార్?" అని అడిగింది. మిగిలిన పీరియడ్ అంతా ఆ ప్రశ్న మీదే గడిచింది.