నారు లెక్క రైతుకు చెప్పాలి

2023 జులైలో టమాటా ధర కిలో రెండొందల దాకా ఎగబాకింది. కేంద్రం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ అనే జాతీయ సహకార సంస్థల చేత ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో కొనిపించి, ఢిల్లీలో కిలో 90 రూపాయలకు అమ్మించాల్సి వచ్చింది. ఆ ధర చూసి ఆశపడి నాటినవాళ్ల పంట సెప్టెంబరుకల్లా ఒక్కసారిగా మార్కెట్లో పడింది. ధర కుప్పకూలింది. కోత కూలీ, బండి బాడుగ కూడా గిట్టని రైతులు కాయను రోడ్డు పక్కన పారబోశారు.

ఇది వానల మీదో, రాత మీదో నెట్టేసే విషయం కాదు. ఎంత పంట రాబోతోందో ముందే తెలుసుకునే వీలుంది. టమాటా రైతు ఇప్పుడు విత్తనం నేరుగా చేలో చల్లడం అరుదు. నీడ వలల (షేడ్‌నెట్ల) కింద, గుంతల ప్లాస్టిక్ ట్రేలలో (ప్రోట్రేలలో) పెంచిన నారును నర్సరీ నుంచి కొంటాడు. సుమారు నెల వయసు నారు నాటితే, రెండు నెలలు దాటాక తొలి కోత. అంటే మదనపల్లె చుట్టుపక్కల నర్సరీల్లో ఈ వారం ఎన్ని ట్రేలకు ఆర్డర్లు వచ్చాయో తెలిస్తే, దాదాపు మూడు నెలల తర్వాత మండీకి ఎంత సరుకు వస్తుందో ఉజ్జాయింపుగా చెప్పేయొచ్చు. ఎకరాకు ఎన్ని మొక్కలు పడతాయో నర్సరీవాళ్లకు నోటి లెక్క. తెగుళ్లు, అకాల వానలు ఆ అంచనాను కొంత తారుమారు చేస్తాయి, నిజమే. అయినా ఏ అంచనా లేకుండా నాటడం కంటే అది ఎంతో నయం.

ప్రభుత్వం దగ్గర డేటా లేదా అంటే, ఉంది. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పంట నమోదు వ్యవస్థ ఈ-క్రాప్ నమోదు చేస్తుంది. 2016లో మొదలైన కేంద్ర ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో మార్కెట్ ధరలు కనిపిస్తాయి. కానీ మొదటిది నాటిన తర్వాతి లెక్క, రెండోది కోసిన తర్వాతి లెక్క. నాటాలా వద్దా అని రైతు తేల్చుకునే రోజున ఈ రెండూ అక్కరకు రావు.

మేం అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. నర్సరీలు వారానికోసారి అమ్మిన నారు సంఖ్య, అది వెళ్లిన మండలం పేరు ఉద్యాన శాఖకు పంపాలి. రైతు పేరు, ఫోన్ నంబరు అక్కర్లేదు. ఆ లెక్కను కర్ణాటకలోని కోలార్ వైపు సాగుతో కూడా కలిపి చూడాలి, ఎందుకంటే మదనపల్లె, కోలార్ మార్కెట్లు రెండింటిలోనూ కొనే వ్యాపారుల్లో కొందరు ఒకరే. గుజ్జు ఫ్యాక్టరీలకూ ఇది పనికొస్తుంది. సరుకు ఎప్పుడు వెల్లువెత్తుతుందో తెలిస్తే ముందే ఒప్పందాలు చేసుకోగలవు. టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 2018-19 బడ్జెట్‌లో 500 కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్ ఆశయం కూడా ఈ ధరల ఊగిసలాటను తగ్గించడమే.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఈ లెక్క మొదట రైతు చేతికి చేరాలి. వ్యాపారికి ఒక్కడికే తెలిస్తే, సరుకు వెల్లువ రాబోతోందని ముందే చెప్పి ధర తొక్కేస్తాడు. రైతు సేవా కేంద్రం బోర్డు మీద, వాట్సాప్ గ్రూపుల్లో, మండలాలవారీగా, తెలుగులో, ప్రతి సోమవారం ఆ అంకెలు కనిపించాలి. వచ్చే వేసవి పంటకు నర్సరీలు ట్రేలు నింపకముందే ఉద్యాన శాఖ ఈ పని మొదలుపెట్టాలి.