‘డీఎన్ఏ చెప్పింది, ఇక ఉరే’ అని ఫార్వర్డ్ చేస్తున్న మిత్రులకు

ఆడపిల్ల మీద ఎక్కడ ఘోరం జరిగినా ఆ సాయంత్రానికల్లా ఒకే మెసేజ్ తిరుగుతుంది. ఈసారి మా కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి చుట్టాల గ్రూపులో మా బాబాయి కూడా పెట్టాడు. అందులో ఉన్నది ఇదీ: ‘డీఎన్ఏ వచ్చాక తప్పు జరిగే ఛాన్సే లేదు. మూడు కోర్టులు చూస్తాయి కాబట్టి అమాయకుడికి ఉరి పడదు. వీళ్ళని మన పన్నులతో బిర్యానీ పెట్టి మేపుతున్నారు. సౌదీలో లాగా చెయ్యాలి. దిశ కేసులో లాగా పది రోజుల్లో లెక్క తేల్చాలి. మనిషివైతే షేర్ చెయ్యి.’

నేను షేర్ చెయ్యలేదు.

బిర్యానీ సంగతి ముందు వదిలించుకుందాం. ముంబై దాడుల్లో ప్రాణాలతో దొరికిన కసబ్ జైల్లో బిర్యానీ అడిగాడన్న మాట తాను కల్పించిందేనని ఆ కేసు వాదించిన పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉజ్వల్ నికమే 2015లో ఒప్పుకున్నారు. ఇన్నేళ్ళయినా ఆ బిర్యానీ చల్లారలేదు. ఇక సౌదీ. భాష రాని మన కూలీ ఎవరైనా గల్ఫ్‌లో హత్య కేసులో ఇరుక్కుంటే క్షమాభిక్ష కోసం మంత్రుల చుట్టూ తిరిగేది మనమే, అక్కడి న్యాయం మీద అంత నమ్మకం ఉంటే ఎందుకు తిరుగుతున్నాం?

అసలు ప్రమాదం డీఎన్ఏ మాటలో ఉంది, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా అక్కడే ఆగిపోతున్నారు. డీఎన్ఏ అబద్ధం చెప్పదు, నిజమే. కానీ నమూనా తనంతట తాను ల్యాబ్‌కి నడిచి పోదు కదా! తీసేది ఒకరు, కవర్లో పెట్టి సీలు వేసేది ఇంకొకరు, స్టేషన్లో దాచేది మరొకరు, తీసుకెళ్ళేది వేరే ఒకరు. వీళ్ళలో ఏ ఒక్కరు తేడా చేసినా చివర్లో వచ్చే రిపోర్టు మాత్రం అదే సైన్సు ముఖం పెట్టుకుని వస్తుంది. ఢిల్లీ ఛావ్లా కేసు చూడండి. 2012లో 19 ఏళ్ళ అమ్మాయిని ఎత్తుకెళ్ళి చంపేశారు. ముగ్గురికి సెషన్స్ కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, రెండూ 2014లోనే. 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు ముగ్గురినీ వదిలేసింది. నమూనాలు 11 రోజులు పోలీసు మాల్‌ఖానాలో, అంటే స్టేషన్లో స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలో, పడి ఉన్నాయి, ఆ రోజుల్లో వాటిని ఎవరైనా ముట్టుకున్నారా లేదా అన్నది తేలదు. ఆ డీఎన్ఏ రిపోర్టుకి ఆధారం ఏమిటి, పరీక్ష సరిగ్గా చేశారా అన్నది కింది రెండు కోర్టులూ చూడనే లేదని కూడా సుప్రీంకోర్టు అంది. అంటే రెండు కోర్టులు డీఎన్ఏ అన్న మాట విని తల ఊపాయి, మన గ్రూపుల్లో ఊపుతున్నట్టే.

మీరు వెంటనే అడగబోయేది నాకు తెలుసు. ఆ ముగ్గురిలో ఒకణ్ణి తర్వాత మరో హత్య కేసులో పోలీసులు మళ్ళీ అరెస్టు చేశారు కదా అని. అవును, 2023లో చేశారు, దాచాల్సిన అవసరం నాకు లేదు. ఒకవేళ వాళ్ళే దోషులైతే వాళ్ళని విడిపించింది ఎవరు? మానవ హక్కుల వాళ్ళా? కాదు, ఆ 11 రోజుల నిర్లక్ష్యం. వాళ్ళు కాకపోతే, ఉరితాడు దాకా తీసుకెళ్ళిందీ ఆ నిర్లక్ష్యమే. ఎటు చూసినా ఆ అమ్మాయి తల్లిదండ్రులకి దక్కింది శూన్యం. ‘ఉరి, ఉరి’ అని అరిచే మెసేజ్‌లో ఆ నమూనాలు చూడాల్సిన పోలీసుల గురించి ఒక్క ముక్క లేదు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. 2025 జులైలో తమిళనాడు కేసులో ఉరిశిక్ష పడిన ఒక వ్యక్తిని వదిలేస్తూ, డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలని సుప్రీంకోర్టు దేశమంతటికీ రూలు పెట్టాల్సి వచ్చింది. 2025లో! అప్పటిదాకా ఎంతమంది మీద ఎలాంటి రిపోర్టులు పెట్టి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి.

‘మూడు కోర్టులు’ అంటున్నారు. మహారాష్ట్రలో 2003 నాటి దోపిడీ, హత్యల కేసులో సంచార జాతులకు చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. హైకోర్టు ముగ్గురికి ఉరి ఉంచి ముగ్గురికి యావజ్జీవం చేస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరే అంది. మూడో మెట్టు కూడా అయిపోయింది, ఇంకేం కావాలి? పదేళ్ళ తర్వాత, 2019 మార్చిలో, అదే సుప్రీంకోర్టు ఆ ఆరుగురూ నిర్దోషులంది. ప్రాణాలతో బయటపడిన సాక్షి మొదట్లో పోలీసుల ఫొటో ఆల్బమ్‌లో వేరే నలుగురిని గుర్తుపట్టిందట, వాళ్ళని పోలీసులు పట్టించుకోలేదట. ఈ ఆరుగురిలో ఒకడు నేరం నాటికి మైనర్. పదహారేళ్ళ జైలుకి ఒక్కొక్కరికీ 5 లక్షలు ఇవ్వమన్నారు. మీ మెసేజ్ ప్రకారం జరిగి ఉంటే ఆ 5 లక్షలు ఎవరికి ఇవ్వాలి?

ఈ ఒక్క కేసే కాదు. 2000 నుంచి 2015 వరకు సెషన్స్ కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో చివరిదాకా నిలబడినవి సుమారు 5 శాతమేనని, దాదాపు 30 శాతం కేసుల్లో మనుషులు నిర్దోషులుగా బయటికొచ్చారని ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో లెక్క తీసింది.

ఇక దిశ. హైదరాబాద్ శివార్లలో వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం, హత్య కేసు అది. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున నిందితులు నలుగురిని పోలీసులు కాల్చేశారు, మనవాళ్ళు పోలీసుల మీద పూలు చల్లారు. ఆ నలుగురి మీద సాక్ష్యాలు ఏ కోర్టూ చూడలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ రిపోర్టు 2022లో బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్ళు నాకు ఇంతవరకు కనపడలేదు.

ఎన్‌కౌంటర్ అయిన వారానికే ఆంధ్ర అసెంబ్లీ 21 రోజుల్లో కేసు ముగించి ఉరి వేసేలా దిశ బిల్లు పాస్ చేసింది. ఆ రాష్ట్రంలోనే ఆయేషా మీరా అనే విద్యార్థిని హత్య కేసు జరిగింది. 2008లో సత్యంబాబుని పట్టుకున్నారు, 2010లో విజయవాడ కోర్టు దోషి అంది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసి లక్ష రూపాయలు ఇవ్వమంది. చంపింది ఇతను కాదని మొదటి నుంచీ గట్టిగా చెప్పింది ఆయేషా తల్లిదండ్రులు, కూతుర్ని పోగొట్టుకున్నవాళ్ళు! 2008లోనే 21 రోజుల చట్టం ఉండి ఉంటే 2017లో హైకోర్టు ఎవరిని వదిలేది?

ఒక మాట ఒప్పుకుంటాను. 2020 మార్చి 20న నిర్భయ దోషులు నలుగురిని ఉరి తీసిన పొద్దున నాకు బాధ కలగలేదు. ఆ కేసులో అమ్మాయి మరణ వాంగ్మూలం ఉంది, బస్సులో తనతో ఉన్న స్నేహితుడి సాక్ష్యం ఉంది, డీఎన్ఏ ఉంది, వాళ్ళ మీద జాలి పడమని ఎవరినీ అడగను. కానీ ఉరి చట్టం నిర్భయ కేసు ఒక్కదానికే ఉండదు. మాల్‌ఖానాలో 11 రోజులు కవర్లు పడి ఉన్న కేసుకీ అదే చట్టం, అదే తాడు.

బాబాయ్, నువ్వు పెట్టావు కాబట్టి నిన్నే అడుగుతున్నా. మన జిల్లా నమూనాలు వెళ్ళే ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఎన్ని కేసులు పెండింగ్‌లో ఉన్నాయో ఆర్టీఐ పెట్టి కనుక్కుందామా? అప్లికేషన్ నేను రాస్తాను, నువ్వు సంతకం పెట్టు. జవాబు వచ్చాక దాన్ని గ్రూపుల్లో ఎంతమందికి పంపినా నేనేమీ అనను.