బాకీల పుస్తకం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బాకీల పుస్తకం గారికి,

మా నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మిమ్మల్ని కొన్న రోజు గుర్తుందా? ఎర్ర గుడ్డ అట్టకు నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి పేజీలో 'శ్రీ' చుట్టి, దేవుడి పటం ముందు పెట్టాను. నా రొయ్యల పచ్చడి వ్యాపారానికి అదే ముహూర్తం. ఆ మర్యాదలో సగం గల్లాపెట్టెకు చేసి ఉంటే ఈ ఉత్తరం రాసే పని పడేది కాదు.

అంతకు ముందే రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి వ్యాపార రొట్టె పట్టాను. బయటి ఊళ్లవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నా. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు. తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. చదువుకొకటి, పెళ్లికొకటి, సంతానానికొకటి. ఎవరూ సంతకం పెట్టించుకోరు, ఎవరూ ఫోన్ చేసి గుర్తుచేయరు. మా నెల్లూరులో గడువుకు తిరిగొచ్చే అప్పు నాకు తెలిసి అదొక్కటే.

ఇక తమరి సంగతి. మొదటి నెలంతా రాత్రిళ్లు మీ పేజీలు తిప్పి కూడికలు వేసుకుంటూ మురిసిపోయాను. వేదాయపాళెం అంగడి 6 సీసాలు, మాగుంట లేఔట్ 10, ట్రంకు రోడ్డులో ఒకాయన ఏకంగా 2 డజన్లు. మీ లెక్క ప్రకారం నెలాఖరుకు నేను ఆసామిని. అదే రాత్రి గ్యాస్ బండకు డబ్బుల్లేక బావమరిదిని అడిగాను. సరుకు పోవడం వేరు, డబ్బు రావడం వేరు అని మీరొక మాట అనుండొచ్చు. మీరంటే కాగితం, నోరు లేదు. నేను బీకాం చదివాను, నాకేమైంది?

రొయ్యలమ్మే అవ్వ తెల్లారకముందే వచ్చి బుట్ట దించుతుంది. చేతిలో డబ్బు పడేదాకా లేవదు. నూనె డబ్బా నగదు, సీసాలు నగదు, కారం నగదు. కొనేదంతా నగదు, అమ్మేదంతా తమరి దయ. అందుకే ఆర్డర్లు పెరిగేకొద్దీ నా జేబు చిక్కిపోయింది. పావుకిలో సీసాకు నాకు 160 రూపాయలు ఖర్చు పడేది, అంగడికి 200కి వేసేవాణ్ణి. ఒక్క సీసా డబ్బు ఎగిరిపోతే, ఆ 160 పూడ్చుకోడానికే ఇంకో 4 సీసాలు అమ్మాలి. ఈ పాఠం నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, మీ 14వ పేజీ చెప్పింది.

ఆ పేజీ ట్రంకు రోడ్డు ఆయనది. మూత సరిగ్గా బిగియని సీసాలోంచి నూనె కారి 18,400లో 8 మీద మరక పడింది. వెలుతురుకు పట్టి నేను చూస్తే 8, ఆయన చూస్తే 3. "అది మూడే నా, నాకు బాగా గుర్తు" అన్నాడు. (మా నెల్లూరులో 'నా' అంటే 'అన్నా'.) అయిదు వేలు నూనెలో కలిసిపోయాయి. అది కూడా నా నూనే.

పోనీ ఆ 13,400 అన్నా అడుగుదామని పోతే, "కూర్చో నా, టీ తాగు" అన్నాడు. తాగాను. పిల్లలేం చదువుతున్నారని అడిగాడు, చెప్పాను. బిడ్డ పెళ్లి ఖర్చులు చెప్పాడు, విన్నాను. రెండో టీ వచ్చింది. బండి మీద ఇంకో డజను సీసాలుంటే, అవి కూడా దించి ఇంటికొచ్చాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎప్పుడో చెప్పింది, ఆడవాళ్లు చదివే ఉత్తరంలో అది రాయను.

చట్టం లేక కాదండీ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు సర్కారు వారి నమోదు, పైసా ఖర్చు లేకుండా ఆధార్‌తో అవుతుంది. సరుకు వేయకముందే అది చేసుకున్న చిన్న తయారీదారుడికి, రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెప్తోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇదంతా ప్రింటు తీసి ఆయన కౌంటర్ మీద పెట్టాను. శ్రద్ధగా చదివి, అదే కాగితంలో కందిపప్పు పొట్లం కట్టి ఎవరికో ఇచ్చాడు. తప్పు చట్టానిది కాదు. సరుకు ముట్టినట్టు సంతకం ఉన్న బిల్లు నా దగ్గర ఒక్కటీ లేదు, మీరు తప్ప. మీలో ఉన్నదంతా నా చేతిరాతే. పైగా మూడేళ్లు దాటితే ఆ బాకీకి కోర్టు తలుపు కూడా మూసుకుంటుంది, ఆలోపు ఆయన బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే తప్ప.

అసలు దెబ్బ మా ఆవిడ కొట్టింది. ఒకరోజు మిమ్మల్ని మొదటినుంచి చివరిదాకా తిరగేసి, "అందరి పేర్లూ ఉన్నాయి, మీ పేజీ ఏదండీ?" అంది. గల్లాలోంచి పెట్రోలుకు, పిల్లోడి ఫీజుకు, పెళ్లిళ్లలో చదివింపులకు తీసిందంతా కూర్చుని గుర్తుచేసుకుని రాశాం. ఊళ్లో నాకు అందరికంటే ఎక్కువ బాకీ ఉన్నది నేనే! అడగబోతే నాకూ టీ ఇచ్చి కూర్చోబెట్టేవాణ్ణే.

అప్పటినుంచి ఒకటో తారీకున నేను జీతం తీసుకుంటున్నాను. పన్నెండు వేలే, మళ్లీ ఒకటిదాకా గల్లా ముట్టను. పాత సరుకు డబ్బు చేతికొస్తేనే కొత్త సరుకు దిగుతుంది. ఇది చెప్పేటప్పుడు మొదటి అంగట్లో నా గొంతు వణికింది. అయిదో అంగట్లో వణకలేదు. కొందరు "పెద్దోడివైపోయావు నా" అని మానేశారు. వాళ్లు మానేశాక తెలిసింది, అవ్వకిచ్చే డబ్బు మిగులుతోందని.

ఈ ఏడాది పండక్కి మళ్లీ చెరువుకు పోయాను. నీళ్లలో ఒకచోట జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో మన ట్రంకు రోడ్డు ఆయన, తలకు రుమాలు, చేతిలో వ్యాపార రొట్టెల బుట్ట. రెండో అంగడి తెరిచాడట, కోరిక తీరిందట. నన్ను చూసి ఏమాత్రం తొణకలేదు. "రా నా, నీకు కాక ఇంకెవరికి" అని నా చేతిలో ఒకటి పెట్టాడు. కళ్లకద్దుకుని అక్కడే తిన్నాను.

14వ పేజీ తీసి పెట్టుకోండి. జమ: రొట్టె ఒకటి.

ఇట్లు,
తమరి యజమాని అనుకుంటున్న
పచ్చళ్లాయన