కాచినంత మాత్రాన సరిపోదు
పట్నాల్లో జనం పాలు బాగా కాచుకుంటే ఏ జబ్బూ రాదని పాల గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. క్షయ క్రిములు, పశువుల నుంచి మనిషికి జ్వరం తెచ్చే బ్రూసెల్లా క్రిములు వేడికి చస్తాయి, కాదనను. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచే పాశ్చరైజేషన్‌కే పోతాయి. కానీ పశువుకి పొదుగువాపు జబ్బొస్తే వేసిన యాంటీబయాటిక్ కాచినా పూర్తిగా పోదు. బూజు పట్టిన దాణా వల్ల పాలలోకి దిగే అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా అంతే. కొన్నేళ్లు గేదెల్ని పితికినవాణ్ణి, అందుకే చెబుతున్నా. ఒకరోజు మొదటి ధారలు నల్లటి మూకుడులోకి పిండితే చిన్న చిన్న పెరుగు తరకల్లాంటివి కనిపించాయి, అది పొదుగువాపు గుర్తే. పొదుగు చూస్తే వాపు లేదు, గేదె మామూలుగానే మేస్తోంది. ఆ మూకుడే లేకపోతే ఆ పూట పాలు అన్నిటితో కలిసి క్యాన్‌లోకి పోయేవే. ఇక మందు వేయించాక లేబుల్ మీద రాసినన్ని రోజులు పాలు పారబోయాలి, దానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి! ఆ నష్టమంతా రైతు ఒక్కడి నెత్తినే వేస్తే చాలామంది పారబోయరు. క్రిములు పెరగకుండా పాలు పితికిన రెండు గంటల్లోపు 4 డిగ్రీలకు చల్లబరచాలన్న సంగతైతే వ్యాసం అసలు ఎత్తనే లేదు.